బడి నడిచే రోజుల్లో వెళ్లి చూడండి

ఈ ఏడు పిల్లలను ఏ బడిలో వేయాలా అని ఆలోచిస్తున్న పాలమూరు, నల్గొండ ప్రాంతాల అమ్మానాన్నలకు,

నమస్కారం.

మీ ఊరి దగ్గర్లోనో, మండల కేంద్రంలోనో ఉన్న చిన్న ప్రైవేటు బడి మీ పిల్లకు సరిపోతుందా లేదా అన్నది తేల్చుకోవడానికి పనికొచ్చే సంగతులు రాస్తున్నాం. చిన్న బడి అంటే వంద నుంచి మూడు వందల మంది పిల్లలు, తరగతికి ఒకటే సెక్షన్, బడి నడిపే కరస్పాండెంటే చాలా చోట్ల ప్రిన్సిపాల్. జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ, హాలియా, మక్తల్ లాంటి చోట్ల ఇలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో పిల్లలను చక్కగా నిలబెట్టేవి ఉన్నాయి. పిల్లల ఏళ్లు తినేసేవీ ఉన్నాయి. రోడ్డు మీద నిలబడి చూస్తే రెండింటికీ అదే రంగు, అదే బోర్డు, అదే పసుపు బస్సు.

ముందు, వెళ్లే సమయం సంగతి. ఏప్రిల్ నాలుగో వారంలో బడులకు సెలవులిస్తారు, జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. అడ్మిషన్ల హడావుడి అంతా ఆ నడిమిట్లనే. ఎర్రటి ఎండలో టీచర్లు కరపత్రాలు పట్టుకొని ఇంటింటికీ వస్తారు. చాలా బడుల్లో వాళ్లకు ఇంతమందిని చేర్పించాలని లెక్క పెట్టి ఉంటుంది, జీతం దానితో ముడిపడి ఉంటుంది, కాబట్టి వాళ్లను తప్పు పట్టకండి. కానీ ఆ రోజుల్లో బడికి వెళ్తే మీకు కనిపించేది ఆఫీసు గది, ర్యాంకుల ఫ్లెక్సీ, ఫీజు కాగితం. పిల్లలు లేరు, పాఠం లేదు. చూడవలసిందేదీ లేని నెలలోనే మనం పదేళ్ల నిర్ణయం తీసుకుంటున్నాం.

అందుకే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక పనిదినం చూసుకొని వెళ్లండి. పొద్దున పదిన్నర నుంచి పదకొండున్నర మధ్య అయితే బాగుంటుంది. ప్రార్థన, హాజరు అయిపోయి పాఠాలు నడుస్తుంటాయి. వార్షికోత్సవం నాడు, పరీక్షల వారంలో వద్దు. కైకిలి పోయేవాళ్లకు ఒక పూట కూలి పోతుంది, తెలుసు. ఏటా వేలకు వేలు కట్టబోయే ముందు ఆ ఒక్క పూట పెట్టడం దండగ కాదు. "మా పిల్ల చదవబోయే తరగతి గదిలో వెనక ఇరవై నిమిషాలు కూర్చుంటం సార్" అని అడగండి. కొన్ని బడులు ఒప్పుకోవు. గదిలోకి రానివ్వకపోయినా కిటికీ దగ్గర నిలబడి చూడనిస్తే చాలు. అదీ వద్దంటే, మే నెలలో పిల్లను ఇమ్మన్న బడి జనవరిలో పిల్లలను చూపించలేకపోతోందని గుర్తు పెట్టుకోండి.

గదిలో ఏం చూడాలి? టీచరు ఎంత గట్టిగా చెప్తున్నారన్నది చూడకండి. వెనక వరుసలో ఉన్న ముగ్గురు పిల్లలను చూడండి. వాళ్లు ఏం చేస్తున్నారు, ఇరవై నిమిషాల్లో టీచరు వాళ్ల దగ్గరికి ఒక్కసారైనా వచ్చారా, వాళ్లలో ఒకరినైనా పేరు పెట్టి పిలిచారా? పిల్లలంతా కలిసి గొంతెత్తి చదువుతుంటే వినడానికి బాగుంటుంది. కానీ ఆ కోరస్‌లో చదవడం రాని పిల్ల కూడా నోరు కదుపుతుంది, బయటికి తేలదు. మంచి టీచరు కోరస్ ఆపి ఒక్కొక్కరితో రెండు లైన్లు చదివిస్తారు. పదిహేను మంది ఉన్న గదిలో ఇది సాధ్యం, నలభై ఐదు మందిలో కష్టం. చిన్న బడికి ఉన్న అసలు బలం ఇదే. ఆ బలాన్ని వాడుకోని చిన్న బడిలో ఫీజు కట్టి చేర్చడంలో అర్థం లేదు.

తరువాత నోటు పుస్తకాలు అడగండి. మేం చెప్పే వాటన్నిటిలో ఎక్కువ నిజం చెప్పేది ఇదే. ఇచ్చేటప్పుడు బడివాళ్లు ఫస్టు వచ్చే పిల్ల పుస్తకం ఇస్తారు, దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. అది పక్కన పెట్టి, మధ్య బెంచీల్లోని ముగ్గురివి తీసుకోండి. ఈ మధ్య రాసిన పేజీలు తెరవండి. ముగ్గురి పుస్తకాల్లోనూ 'సొంత వాక్యాలు' అనే చోట అవే వాక్యాలు, అదే వరుసలో ఉంటే అవి బోర్డు మీద నుంచి దింపుకున్నవి.

రెండో తరగతి లెక్కల పుస్తకంలో తీసివేతలు వెతకండి. 42లో నుంచి 17 తీసెయ్యమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. రెండులో నుంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులో నుంచి రెండు తీసేసి 5 వేస్తారు, నాలుగులో నుంచి ఒకటి తీసి 3 వేస్తారు. రావలసింది 25. ఇప్పుడు ఆ 35 పక్కన ఎర్ర సిరాతో ఏముందో చూడండి. టిక్కు ఉంటే టీచరు పుస్తకం చదవలేదు, సంతకాలు పెట్టుకుంటూ పోయారు. 35 కొట్టేసి 25 అని రాసి ఉంటే చదివారు, కానీ పిల్ల రేపు మళ్లీ 35 అనే రాస్తుంది. పక్కనే 42ను మూడు పదులూ పన్నెండు ఒకట్లుగా విడగొట్టి చూపించి, కింద అలాంటివే ఇంకో రెండు ఇచ్చి, పిల్ల వాటిని సరిగ్గా చేసి ఉంటే, ఆ గదిలో చదువు జరుగుతోంది. ఆ టీచరు పేరు రాసుకోండి.

తెలుగు పుస్తకంలో 'పుస్తకం' అనే మాటనే చూడండి. 'పుసతకం' అని రాసిన పిల్లకు ఒత్తు ఇంకా రాలేదు. దాన్ని పదిసార్లు రాయించి వదిలేశారా, 'మస్తు', 'రాస్తా', 'వస్తువు' లాంటి మాటలు ఇచ్చి ఒత్తు పట్టించారా? ఇంగ్లిష్ సంగతికొస్తే పెద్ద పెద్ద మాటలకు స్పెల్లింగులు అప్పజెప్పడం చూసి మురిసిపోవద్దు. 'క్యాట్' చదివిన పిల్ల తానెప్పుడూ చూడని 'మ్యాట్'నూ 'ప్యాట్'నూ చదవాలి. చదవలేదంటే అక్షరాల శబ్దాలు నేర్పలేదు, బొమ్మ గుర్తు పెట్టుకున్నట్టు మాటను గుర్తు పెట్టుకుంది. మూడో తరగతి దాకా ఆ జ్ఞాపకం మోస్తుంది. నాలుగో తరగతికి సైన్సు, సోషల్ పాఠాలు పెరిగాక ఇక మోయదు. చాలా ఇళ్లలో "మంచిగ చదివే పిల్ల ఎందుకో వెనకబడ్డది" అనే మాట నాలుగో తరగతిలోనే మొదలయ్యేది ఇందుకే. పిల్ల అప్పుడు వెనకబడలేదు. ఒకటో తరగతిలో మిగిలిపోయిన పని అప్పుడు బయటపడింది.

ప్రోగ్రెస్ కార్డును నమ్ముకోవద్దు. ఏడాది నడుమ పెట్టే ఎఫ్ఏ (ఫార్మేటివ్) పరీక్షలకు ఇరవై మార్కులు. పేపరు దిద్దేదీ, మార్కులు వేసేదీ ఆ బడే. ఇచ్చే ప్రశ్నలు ముందే బోర్డు మీద రాయించి అప్పజెప్పించుకుంటే ఇరవైకి పద్దెనిమిది అందరికీ వస్తాయి.

దానికన్నా ఇంట్లో మీరే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. ఐదు నిమిషాల పని. 2022-23 నుంచి సర్కారు బడులకు ఇచ్చే పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటున్నాయి. పక్కింటి పిల్లల దగ్గర కిందటి తరగతిది ఒకటి అడిగి తెచ్చుకోండి. మీ పిల్ల ఇంకా చదవని పాఠం తెరిచి, బొమ్మను చేత్తో మూసి, చివరి లైను ముందు చదవమనండి. మొదటి లైను నుంచి మొదలుపెడితే బట్టీ పట్టినది కూడా చదివినట్టే వినిపిస్తుంది. మధ్యలో అక్కడక్కడ మాటల మీద వేలు పెట్టి అడగండి. చదివాక "ఇందులో ఏం చెప్పిండ్రు?" అని సొంత మాటల్లో చెప్పించండి. తరువాత రెండంకెల తీసివేత రెండు, మూడో తరగతి దాటితే ఒక భాగహారం. తేదీ వేసి రాసి పెట్టుకోండి. చదవడం రాని అమ్మానాన్నలు పక్కింటి ఇంటర్ పిల్లతో చేయించుకోవచ్చు. బడి మార్చినా, మార్చకపోయినా దసరా సెలవుల్లో ఒకసారి, సంక్రాంతి సెలవుల్లో ఒకసారి ఇదే పరీక్ష మళ్లీ పెట్టండి.

అదే కొలత సర్కారు బడికీ పెట్టండి. మీ ఊరి ప్రాథమిక పాఠశాలకు వెళ్లండి, అవే నోటు పుస్తకాలు అడగండి. ఇంగ్లిష్ మీడియం కోసమే ప్రైవేటు అనుకుంటే, 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పట్టించడానికి 2022 ఆగస్టు నుంచి తొలిమెట్టు అనే కార్యక్రమం నడుస్తోంది. అక్కడి టీచర్లు డీఎడ్డో బీఎడ్డో చేసి, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష), డీఎస్సీ (సర్కారు టీచర్ల నియామక పరీక్ష) దాటి వచ్చినవాళ్లు. పుస్తకాలు, రెండు జతల బట్టలు, మధ్యాహ్న భోజనం ఉచితం. అక్కడ చూడవలసిన లోటు వేరే. ఐదు తరగతులకు ఎందరు టీచర్లున్నారు? విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు ఉండాలి. ఒక్కరే ఉండి, ఆ ఒక్కరూ మీటింగులకు, ఆన్‌లైన్ లెక్కలకు తిరుగుతుంటే ఎంత మంచి టీచరైనా చేయగలిగింది తక్కువ. ఇద్దరు టీచర్లు రోజూ వచ్చే సర్కారు బడి ఊళ్లోనే ఉంటే, పదిహేను కిలోమీటర్ల అవతలి చిన్న ప్రైవేటు బడి దానికన్నా మేలని మేం చెప్పలేం.

ఇక చిన్న బడిలో టీచరు సంగతి. పెద్ద బడిలో ఒక సెక్షన్ టీచరు బాగా లేకపోతే ఇంకో సెక్షన్‌కు మార్చమనవచ్చు. ఇక్కడ తరగతికి ఉండేది ఒక్కరే, బాగున్నా బాగాలేకున్నా ఏడాదంతా ఆమే. చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు చెప్పేవాళ్లకు ఇంటర్ తరువాత డీఎడ్, ఆపైన టెట్ ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది చెప్పేవాళ్లకు డిగ్రీ, శిక్షణ, టెట్ ఉండాలి. చాలా చిన్న బడుల్లో అలా లేదు. డిగ్రీ చదివి, శిక్షణ లేకుండానే ఓపికగా బాగా చెప్పేవాళ్లు ఉన్నారు. వాళ్ల మీద మాకు గౌరవం. అయినా ఒకటో తరగతికి అక్షరాలు పట్టించడం శిక్షణ ఉన్నవాళ్లకే కష్టమైన పని. అందుకని ఒకటి, రెండు తరగతుల టీచరు చదువు తప్పకుండా అడగండి.

అంతకన్నా ముఖ్యంగా ఇది అడగండి: "మూడేండ్ల కింద ఇక్కడ చెప్పిన టీచర్లలో ఇప్పుడు ఎంతమంది ఉన్నరు?" సగానికి సగం మారిపోయి ఉంటే కారణం జీతం. 1994 నాటి సర్కారు ఉత్తర్వు (జీవో ఎంఎస్ నంబరు 1) ప్రకారం ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకు పోవాలి. లెక్క వేద్దాం. రెండు వందల మంది పిల్లలు, తలా 16,000 ఫీజు అనుకుంటే ఏడాదికి 32 లక్షలు. అందులో సగం 16 లక్షలు పదిమంది టీచర్లకు పంచితే నెలకు ఒక్కొక్కరికి 13,000 చిల్లర. అదీ ఫీజులన్నీ వసూలై, పన్నెండు నెలలూ జీతమిస్తే. చాలాచోట్ల పది నెలలకే ఇస్తారు. ఆ జీతానికి ఉండే టీచరు మంచి అవకాశం వస్తే మధ్యలోనే వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా. 2024 డీఎస్సీ నియామక పత్రాలు అక్టోబరు 9న ఇచ్చారు, అంటే సరిగ్గా బడి నడుమ. "డీఎస్సీ వచ్చి టీచరు పోతే ఎవరు చెప్తరు?" అనే ప్రశ్నకు కరస్పాండెంట్ దగ్గర సిద్ధంగా జవాబు ఉందంటే ఆ బడి కొంత ముందుచూపుతో నడుస్తున్నట్టే.

చిన్న బడుల్లో రెండు తరగతులను ఒకే గదిలో కలిపేయడం మామూలే. ఒకటి, రెండు కలిపితే ఫరవాలేదు, టీచరుకు ప్రణాళిక ఉంటే చిన్నది పెద్దవాళ్లను చూసి నేర్చుకుంటుంది కూడా. మూడు, ఐదు కలిపితే మాత్రం ఎవరో ఒకరు నష్టపోతారు. ఆరో తరగతి నుంచి లెక్కలకు, సైన్సుకు వేర్వేరు టీచర్లు లేని బడిలో పిల్లను కొనసాగించొద్దని మా సలహా. ఐదు వరకు ఎంత బాగున్నా సరే. "ఇన్నేండ్లు ఇక్కడే చదివింది, మారిస్తే ఏడుస్తది" అని ఆగిపోవడం వల్ల ఏడు, ఎనిమిది తరగతుల్లో లెక్కలు చేజారిపోయిన పిల్లలు చాలామంది.

కాగితాల సంగతి కొంచెం శ్రద్ధగా చదవండి, ఎందుకంటే దీని దెబ్బ నాలుగైదేళ్ల తరువాత తగులుతుంది. బడికి విద్యాశాఖ గుర్తింపు ఉండాలి. గుర్తింపు ఉందా అంటే ఉందనే అంటారు. ఏ తరగతి వరకు, ఏ ఏడాది వరకు, ఏ మీడియానికి అని అడిగి ఆ కాగితం చూడండి. ఐదు వరకే గుర్తింపు ఉన్న బడి ఏడు దాకా నడుపుతుండవచ్చు. పదో తరగతికి అనుమతి లేని బడి మీ పిల్ల పేరును ఇంకో బడి నామినల్ రోల్స్‌లో (పరీక్షకు పంపే పేర్ల జాబితాలో) ఎక్కించి పరీక్ష రాయిస్తుంది. హాల్ టికెట్ మీద మీరెన్నడూ చూడని బడి పేరు ఉంటుంది.

ప్రతి బడికీ దేశంలోని బడుల లెక్కల్లో పదకొండు అంకెల నంబరు, అంటే యూడైస్ కోడ్ ఉంటుంది. తెలంగాణది 36తో మొదలవుతుంది. ఆ కోడ్ రాసుకొని యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో 'నో యువర్ స్కూల్' విభాగంలో వెతికితే ఆ బడి పేరు, ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు అన్నది వస్తుంది. బోర్డు మీది పేరు, ఫీజు రసీదు మీది పేరు, అక్కడ కనిపించే పేరు మూడూ ఒకటే కావాలి. పిల్లకు కూడా పెన్ అనే శాశ్వత సంఖ్య ఉంటుంది. చేరిన రెండు నెలల్లో అడిగి డైరీలో రాయించుకోండి. పిల్ల ఒక బడిలో కూర్చుంటూ పేరు ఇంకో బడిలో ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

గుర్తింపు ఎందుకంత ముఖ్యమో కేంద్రం నడిపే నవోదయ హాస్టల్ బడుల ఉదాహరణతో తెలుస్తుంది. పెద్దవూర మండలం చలకుర్తి, బిజినేపల్లి మండలం వట్టెం నవోదయల్లో ఆరో తరగతి సీటుకు పరీక్ష రాయాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా గుర్తింపు ఉన్న బడిలోనే చదివి ఉండాలి. ఐదో తరగతి అదే జిల్లాలో చదువుతూ ఉండాలి. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు ఇస్తారు. ఆ కోటా దక్కాలంటే ఆ మూడు తరగతులూ గ్రామీణ ప్రాంతపు బడిలోనే చదవాలి. చాలామందికి తెలియక జారిపోయేది ఈ చివరి సంగతే. ఇల్లు పల్లెలోనే ఉన్నా, బస్సెక్కి మున్సిపాలిటీ పరిధిలోని బడికి వెళ్లిన పిల్లకు గ్రామీణ కోటా వర్తించదు. నవోదయ మీద ఆశ ఉన్నవాళ్లు రెండో తరగతిలోనే దీన్ని ఆలోచించుకోవాలి. గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్షకు కూడా నాలుగో తరగతి చదివిన బడి కాగితాలు సరిగ్గా ఉండాలి.

చేర్చేటప్పుడు పుట్టిన తేదీ, ఇంటి పేరు, పేరు స్పెల్లింగు జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. తరగతికి వయసు సరిపోవడానికని ఆఫీసులో జూన్ తేదీ ఒకటి వేసేస్తే పదో తరగతి మెమోలో అదే అచ్చవుతుంది. దాన్ని మార్చుకోవడానికి తిరగాల్సిన తిరుగుడు తిరిగినవాళ్లకే తెలుసు. జనన ధ్రువపత్రం లేదని ఏ బడీ పిల్లను చేర్చుకోకుండా ఆపకూడదు. విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ అదే చెబుతుంది.

డబ్బు లెక్క ఒక కాగితం మీద రాసి, కింద కరస్పాండెంట్ సంతకం తీసుకోండి. నోటితో చెప్పేది ట్యూషన్ ఫీజు ఒక్కటే. అది 16,000 అనుకుంటే, అడ్మిషన్‌కు 2,000, పుస్తకాలకు 3,500, రెండు జతల యూనిఫాం, టై, బెల్టు, బూట్లకు 3,000, బస్సుకు నెలకు 900 చొప్పున పది నెలలకు 9,000, పరీక్షల ఫీజు 1,000, వార్షికోత్సవం, డిజిటల్ క్లాసు పేర్లతో ఇంకో 1,000. మొత్తం 35,500. చేతి నుంచి పోయేది అదీ. ఇద్దరు పిల్లలుంటే రెట్టింపు. పంట చేతికొచ్చేది ఎప్పుడో, టర్ములు ఎప్పుడో పక్కపక్కన రాసుకోండి. వానాకాలం పత్తి, వరి అమ్మిన డబ్బు అక్టోబరు తరువాత గానీ రాదు. మొదటి టర్ము జూన్‌లోనే అడుగుతారు. చిన్న బడివాళ్లు కొంత ఆగుతారు, అది వాళ్ల మంచితనం. కానీ ఆగిన బాకీ మార్చిలో పిల్ల పరీక్ష గది బయట నిలబడే దాకా రానీయకండి. ఎంత కట్టినా బడి పేరున్న రసీదు తీసుకోండి, తెల్ల కాగితం మీద సంతకం రసీదు కాదు.

మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు వాళ్లు ఒక ప్రశ్న మర్చిపోవద్దు: బడిలో తాగే నీళ్లు ఎక్కడివి? బోరు నీళ్లయితే ఫ్లోరైడ్ ఎంతుందో అడగండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. కాచి చల్లార్చితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. మామూలు ఫిల్టరుతో కూడా పోదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లో, సరిగ్గా చూసుకుంటున్న ఆర్వో నీళ్లో ఉండాలి. పాలపళ్ల తరువాత వచ్చే పక్కా పళ్లు లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపే, ఆ వయసులో తాగిన ఫ్లోరైడ్ జాడ పళ్ల మీద ఉండిపోతుంది. ఇంట్లో భగీరథ నీళ్లు పోసి, బడిలో బోరు నీళ్లు తాగిస్తే లాభం లేదు. సీసా నింపి పంపండి.

బస్సుకు ఫిట్‌నెస్ ఏటా మే 15తో తీరిపోతుంది, బడి తెరిచేలోపు మళ్లీ చేయించాలి. జూన్ మొదటి వారంలో అడగండి. తలుపు దగ్గర ఆయా ఉందా, అత్యవసర ద్వారం తెరుచుకుంటుందా చూడండి. ఆరేళ్ల పిల్ల పొద్దున ఏడుంబావుకు ఎక్కి సాయంత్రం ఐదున్నరకు దిగితే, ఇంటికొచ్చి అన్నం తినకుండానే నిద్రపోతుంది. ఒకవైపు ముప్పావు గంట దాటే ప్రయాణం మూడో తరగతి లోపు పిల్లలకు వద్దు. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉందా, లోపల నీళ్లు వస్తున్నాయా, మీరే తలుపు తీసి చూడండి.

భాష గురించి రెండు మాటలు. దేవరకొండ, అచ్చంపేట తండాల పిల్లలకు ఇంట్లో గోర్ బోలి (లంబాడీ భాష), నారాయణపేట, మక్తల్ వైపు చాలా ఇళ్లలో కన్నడమో మరాఠీయో. వాళ్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. అలాంటి పిల్లకు టీచరు అర్థం ఏ భాషలో చెప్తున్నారో వినండి. ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో వివరించి, మళ్లీ చిన్న ఇంగ్లిష్ వాక్యాలు పలికిస్తే మంచిది. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడిలో పిల్ల ప్రశ్న అడగడం మానేస్తుంది, ఇంగ్లిష్ మాత్రం రాదు. 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడిలోనైనా తెలుగు బోధించాల్సిందే. తెలుగు పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేస్తున్న బడుల్లో దాన్ని అడిగే హక్కు మీకుంది.

అయితే చిన్న బడి ఎవరికి సరిపోతుంది? గుంపులో నోరు విప్పని పిల్లకు, చదువు కాస్త నెమ్మదిగా ఎక్కే పిల్లకు, ఒక తరగతి జారిపోయి మళ్లీ పట్టుకోవలసిన పిల్లకు బాగా సరిపోతుంది, అక్కడి టీచరు మంచిదైతే. ప్రిన్సిపాల్‌కు పిల్ల పేరే కాదు, ఇంట్లో ఎవరికి బాగాలేదో కూడా తెలిసే చోటు అది. ఐదో తరగతి దాకా చదవడానికి మంచి చోటు. వినికిడి, చూపు, ఎదుగుదల సమస్య ఉన్న పిల్లను మాత్రం "మేం చూసుకుంటం" అనే మాట మీద చేర్చకండి. మండలంలోని భవిత కేంద్రానికి ముందు తీసుకెళ్లండి. అక్కడ ఇలాంటి పిల్లలతో పనిచేయడానికి శిక్షణ ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లు చూసి చెప్పాక బడి ఎంచుకోండి.

ముంబై, పుణె వైపు పనికి పోతూ పిల్లలను బడి హాస్టల్‌లో వదిలే పాలమూరు తల్లిదండ్రులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బడికి గుర్తింపు ఉన్నంత మాత్రాన హాస్టల్‌కు అనుమతి ఉన్నట్టు కాదు. పగలు పాఠాలు చెప్పిన గదిలోనే రాత్రి పరుపులు వేస్తే అది హాస్టల్ కాదు. రాత్రి పూట ఎవరుంటారు, ఆడపిల్లల దగ్గర మహిళా వార్డెన్ పడుకుంటుందా, జ్వరం వస్తే ఎవరు ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అన్నవి అడిగి, ఒక సాయంత్రం అక్కడే కూర్చొని చూశాకే వదలండి. లేదంటే కస్తూర్బా విద్యాలయాలు, గురుకులాలు ముందు ప్రయత్నించండి.

కరస్పాండెంట్లూ ఈ లేఖ చదువుతారు. వారికి మా విన్నపం ఒకటే: వచ్చే జనవరిలో ఒక వారం పెట్టి, తల్లిదండ్రులను మామూలు తరగతుల్లోకి రానివ్వండి. అలంకరణలు వద్దు, కార్యక్రమాలు వద్దు. బాగా చెప్పే బడికి ఇంతకన్నా మంచి కరపత్రం లేదు, టీచర్లను ఎండలో తిప్పే బాధా తప్పుతుంది.

చేర్చిన తరువాత పని అయిపోయిందనుకోకండి. మొదటి నెలలో పిల్ల డైరీ కాకుండా చేతులు చూడండి. కొట్టడం, తిట్టి అవమానించడం రెండూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది, "మీరే కొట్టి చెప్పమన్నరు కదా" అనే మాట చెల్లదు. మీరూ ఆ మాట అనకండి. దసరాకు ఇంట్లో పరీక్ష పెట్టినప్పుడు జూన్‌లో ఉన్నచోటే ఉంటే టీచరుతో మాట్లాడి, ఫలానా పని ఫలానా తేదీలోపు అని అడగండి. సంక్రాంతికీ కదలకపోతే మార్చే ఆలోచన మొదలుపెట్టండి. సర్కారు బడి ఏడాది మధ్యలోనైనా చేర్చుకోవాలి. అదే చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ అడిగిన వెంటనే ఇవ్వాలి, రావడం ఆలస్యమైందని సర్కారు బడిలో ప్రవేశం ఆపకూడదు. టీసీతో పాటు యూడైస్‌లో పిల్ల పేరును పాత బడి వదిలిందో లేదో అడగండి. ఆన్‌లైన్‌లో పేరు వాళ్ల దగ్గరే ఉండిపోతే కొత్త బడిలో పిల్ల హాజరు లెక్కకు రాదు. ఫీజు బాకీ చూపించి టీసీ ఆపితే, బాకీ ఎంతో రాతపూర్వకంగా అడిగి తీసుకొని, ఆ కాగితం, మీ దరఖాస్తు నకలు కలిపి మండల విద్యాధికారికి ఇచ్చి, ముట్టినట్లు ముద్ర వేయించుకోండి.

ఇట్లు,
నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల బడుల్లో పనిచేసిన, పనిచేస్తున్న కొందరు ఉపాధ్యాయులం